దొరగారి తిండి, దొరగారి ఎండ

తాబేలు మా ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రమే దాన్ని దాదాపు చంపేశాను. ప్రేమతోనే. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో మూరెడు లోతు నీళ్లు పోసి, "పాపం, ఈది ఎన్నాళ్లయిందో" అనుకుంటూ మెల్లగా వదిలాను. అది రాయి పడ్డట్టు అడుగుకు పోయింది. నాలుగు కాళ్లూ కొట్టుకుంటోంది, మెడ ఎంత చాచినా ముక్కు పైకి అందడం లేదు. చెయ్యి పెట్టి తీసేసరికి ముక్కులోంచి బుడగలు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

తప్పు నాదే గానీ, కొంత భాషది కూడా. చెరువులో ఈదేదీ తాబేలే, నేల మీద ఆకులు మేసేదీ తాబేలే. రెండింటికీ ఒకే పేరు పెట్టుకుని, రెండింటినీ నీళ్లలోనే ఊహించుకుంటాం. నేల తాబేలు కాళ్లు ఏనుగు కాళ్లలా దిమ్మల్లా ఉంటాయి, వేళ్ల మధ్య చర్మం ఉండదు. ఈత దాని పని కాదు. మాది హార్స్‌ఫీల్డ్ తాబేలు, రష్యన్ తాబేలు అని కూడా అంటారు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పుట్టిన జాతి. ఒక్కో కాలికి నాలుగే గోళ్లు, గుర్తుపట్టడానికి అదే సులువు. 1968 సెప్టెంబరులో సోవియట్ అంతరిక్ష నౌక జోండ్ 5లో చంద్రుణ్ణి చుట్టి వచ్చిన రెండు తాబేళ్లూ ఈ జాతివేనని తర్వాత చదివాను. మనిషికంటే ముందు చంద్రుడి దాకా వెళ్లొచ్చిన వంశం, మా ఇంట్లో ప్లాస్టిక్ టబ్బులో మునిగింది.

అది నాకు వచ్చింది ఒక స్నేహితురాలి దగ్గర్నుంచి. వాళ్లు ఇల్లు మారుతున్నారు, కొత్త ఇంట్లో జంతువులకు ఒప్పుకోరట. "దీనికి పెద్ద పనేం ఉండదే. రోజుకో కీరా ముక్క, ఓ టమాటా ముక్క పడేస్తే చాలు, దాని పాటికి అది పడుంటుంది" అంది. గాజు తొట్టి, ఒక దీపం, సగం సంచి చెక్కపొట్టు, దాని కాగితాలు ఇచ్చి వెళ్లింది. కాగితాలు ఉన్నందుకు సంతోషించాను. నేల తాబేళ్ల జాతులన్నీ సైటీస్ అనే అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందం కింద వ్యాపార నియంత్రణలో ఉన్నవే, ఎక్కడిదో తెలియని తాబేలును ఇంట్లో పెట్టుకోవడం నాకిష్టం లేదు.

నడక చూసి మావారు దానికి 'దొరగారు' అని పేరు పెట్టారు. రెండు అడుగులు వేయడం, ఆగి తల ఎత్తి చుట్టూ ఓ చూపు చూడడం, మళ్లీ రెండు అడుగులు. మా అమ్మాయి అయితే ఏకంగా "దొరగారు లేచారు", "దొరగారు అలిగారు" అని వార్తలు చదివేది.

మొదటి మూడు రోజులు దొరగారు టమాటా తిన్నారు. నాలుగో రోజు వాసన చూసి వదిలేశారు. తర్వాత అదీ లేదు. పొద్దస్తమానం గాజుకు ముక్కు రాస్తూ తొట్టి చుట్టూ తిరగడం, అలిసిపోయి ఓ మూల పడుకోవడం. అంత చురుగ్గా తిరుగుతుంటే జబ్బేమీ లేదనుకున్నాను. గాజు అనేది ఒక గోడ అని తాబేలుకు అర్థం కాదట. అవతల చోటు కనిపిస్తుంది, వెళ్లబోతే ఏదో అడ్డం. నాకు హుషారుగా కనిపించింది దానికి ఊపిరాడని అవస్థ. వంటింటి త్రాసు మీద (ఇప్పుడది పూర్తిగా దానిదే అయిపోయింది, మేం ఇంకోటి కొనుక్కున్నాం) వచ్చిన రోజు 438 గ్రాములు తూగింది, తొమ్మిదో రోజుకు 421. అప్పుడు టెన్షన్ మొదలైంది.

సరీసృపాలను చూసే పశువైద్యురాలి కోసం కాస్త వెతకాల్సి వచ్చింది. దగ్గర్లోని క్లినిక్‌లో కుక్కలూ పిల్లులూ చూసే డాక్టరు ఒకాయన చూడకుండానే ఏదో పురుగుల మందు రాసిచ్చారు. అదృష్టం కొద్దీ వెయ్యలేదు. ఐవర్‌మెక్టిన్ అనే మందు కుక్కలకూ పశువులకూ మామూలుగా వాడేదే అయినా తాబేళ్లకు ప్రాణం మీదికి తెస్తుందని రెండో డాక్టరుగారి దగ్గరే విన్నాను. ఆ చీటీలో ఉన్నది అదే.

ఈ రెండో డాక్టరుగారు తాబేలును బల్ల మీద పెట్టి ముందు తోక చూశారు. "దొరగారు కాదమ్మా, దొరసాని" అన్నారు. మగదానికి తోక పొడుగ్గా, లావుగా ఉండి ఓ పక్కకు మడిచి ఉంటుందట, దీనిది చిన్న మొటిమలా ఉంది. తర్వాత బొటనవేలితో డిప్ప అంచు నొక్కారు. చాలా కొద్దిగా, అట్ట నొక్కినట్టు, లోపలికి వెళ్లింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

నేను తిండి గురించి ఒక చాంతాడు ప్రశ్నల జాబితా రాసుకుని వెళ్లాను. ఆవిడ దాన్ని చూడనే లేదు. మూడే అడిగారు: దీపం కింద నేల ఎంత వేడిగా ఉంది? అతినీలలోహిత దీపం ఉందా? నీళ్లలో ఎప్పుడు కూర్చోబెట్టారు? మొదటి రెండింటికీ జవాబు తెలియదు, మూడోదానికి చెప్పడానికి సిగ్గేసింది. "తిండి సంగతి తర్వాత చూద్దాం. పొయ్యి వెలగకుండా ఎసరు పెడితే ఏం లాభం?" అన్నారు.

నాకు మొత్తం విషయం ఆ మాటతోనే అర్థమైంది. మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం. తాబేలు బయట నుంచి తెచ్చుకోవాలి. ఒళ్లు వేడెక్కకపోతే పేగుల్లో పని నడవదు, తిన్న ఆకు అరగదు, అందుకని ఆకలీ వెయ్యదు. దొరసాని అలగలేదు, చలికి ఆగిపోయింది. ఇంటికొచ్చి దూరం నుంచి వేడి చూసే థర్మామీటరుతో దీపం కింద కొలిస్తే 24 డిగ్రీలు. కావలసింది 32 నుంచి 35. దీపం మరీ ఎత్తులో ఉంది, అంతే. కిందికి దించి, దాని కింద ఓ పలకరాయి పెట్టాను. అవతలి చివర 22 డిగ్రీల దగ్గర చల్లగా ఉండేలా చూశాను, వేడెక్కాక వెళ్లి చల్లబడడానికి. కరెంటుతో వేడెక్కే రాళ్లు అమ్ముతారు, వాటి జోలికి పోవద్దన్నారు డాక్టరుగారు. తాబేలుకు సూర్యుడు పైనే ఉంటాడు, కింద నుంచి వచ్చే వేడిని సరిగ్గా పసిగట్టలేక పొట్ట కాల్చుకుంటుందట.

రెండోది అసలు చిక్కు. తాబేలు తిన్న కాల్షియం ఎముకకు, డిప్పకు పట్టాలంటే విటమిన్ డి3 కావాలి. అది చర్మంలో తయారవ్వాలంటే ఎండలోని యూవీబీ అనే రకం అతినీలలోహిత కిరణాలు, అంటే 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యవి, ఒంటి మీద పడాలి. తొట్టిని కిటికీ పక్కన పెట్టి ఎండ బాగా తగులుతోందని మురిసిపోయానా, మామూలు కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దంలోంచి వచ్చేది వెలుతురే, ఎండ కాదు. పైగా గాజు తొట్టి మీద ఎండ పడితే లోపల వేడి ఒక్కసారిగా పెరిగి ప్రాణం పోయే ప్రమాదం. స్నేహితురాలు ఇచ్చిన దీపం డబ్బా మీద తాబేలు బొమ్మ ఉంది గానీ, తీరా చూస్తే అది ఉత్త వేడి దీపం. ఏళ్ల తరబడి కాల్షియం పొడి చల్లిన టమాటా తింటూ కూడా దీని డిప్ప మెత్తబడిందంటే కారణం అదీ.

పొడుగాటి యూవీబీ ట్యూబు కొన్నాం. దాన్ని ఎంత ఎత్తులో కట్టాలో తయారీదారులు రాస్తారు, ఆ దూరం పాటించాలి. మధ్యలో గాజుగానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు, సన్నటి జాలీ ఉన్నా కొంత తగ్గుతుంది. ఇంకో మోసం కూడా ఉంది. ఈ ట్యూబు ఏడాది తిరిగేసరికి చూడ్డానికి ఎప్పట్లానే తళతళలాడుతుంది, లోపల యూవీబీ మాత్రం బాగా తగ్గిపోయి ఉంటుంది. మన కంటికి తెలియదు. కొలిచే మీటరు లేనివాళ్లు తారీఖు చూసి మార్చేయాలి. మావారు మార్కర్‌తో ట్యూబు చివర పెట్టిన తారీఖు రాశారు.

గాజు తొట్టి తీసేసి చెక్కతో పెట్టె చేయించాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఎరువులు కలపని మట్టి, ఇసుక కలిపి జానెడు ఎత్తు పోసి, అడుగున తడిగా, పైన పొడిగా ఉంచాం. పాత చెక్కపొట్టు పారేశాను. దేవదారు లాంటి వాసన చెక్కల పొట్టు ఊపిరితిత్తులకు పడదు. మొదటి రాత్రి గడిచి పొద్దున చూస్తే పెట్టెలో తాబేలు లేదు. ఇల్లంతా వెతికాం, సోఫాలు జరిపాం. ఓ గంట తర్వాత మట్టి కదిలి, రెండు ముక్కు రంధ్రాలు పైకి తేలాయి. తవ్వుకుని పడుకుంది. దానికి తవ్వడం వచ్చని ఏళ్ల తర్వాత దానికే గుర్తొచ్చినట్టుంది.

వేడి సరిపోయిన మూడో రోజుకు ఆకలి వచ్చింది. టమాటా ఆకలి! ఇంకేది పెట్టినా తొక్కుకుంటూ వెళ్లిపోయేది.

ఇక్కడ నాకు మూడు వారాలు పట్టింది. దీని సొంత నేలలో దొరికేవి ముతక ఆకులు, కలుపు మొక్కలు, పువ్వులు. పీచు ఎక్కువ, చక్కెర తక్కువ. కీరా అంటే నీళ్లు. టమాటా తీపి, పులుపు, పైగా అందులో కాల్షియం కంటే భాస్వరం ఎక్కువ. ఉండాల్సింది తిరగేసి, కాల్షియం కనీసం రెండింతలు. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టుకుని ఒంటికి చేరనివ్వవు. కుక్క తిండి, పిల్లి తిండి, రొట్టె, పాలు అసలే వద్దు. పళ్లు కొన్ని అడవి జాతులకు సరే గానీ, ఈ జాతికి పేగుల్లో పులిసి విరేచనాలు తెస్తాయి. అవకాడో విషం. ఇక పెట్టదగ్గవి: డాండిలయన్ ఆకూ పువ్వూ, చికోరీ, ఎండైవ్, ప్లాంటెయిన్ అనే కలుపు మొక్క ఆకులు, మల్బరీ ఆకు, మందార ఆకూ పువ్వూ, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట. ఏది పెట్టినా పురుగుమందు కొట్టనిది కావాలి. నర్సరీ నుంచి తెచ్చిన మందారాన్ని రెండు నెలలు ఊరికే ఉంచి, కొత్తగా వచ్చిన ఆకులే కోశాను.

డాక్టరుగారు చెప్పిన ఉపాయం మోసం చేసి తినిపించడం. మొదటి రోజు టమాటా, కీరా సన్నగా తరిగి, అందులో మల్బరీ ఆకు పొడి పొడిగా తరిగి, తడి ఆరకుండా కలిపాను, ఆకు ముక్క టమాటాకు అంటుకుని విడదీయడానికి వీల్లేకుండా. దొరసాని ముక్కు దగ్గరకు తెచ్చి, కళ్లు మూసి తెరిచి, ఒక ముక్క కొరికింది. పళ్లు లేవు కదా, చిలక ముక్కులాంటి దవడ. తల మొత్తం ముందుకు విసిరి కొరుకుతుంది. నోట్లో ఆకు తగలగానే ఆగింది. ముందు కాలు ఎత్తి నోరు తుడుచుకున్నట్టు ఒకసారి రాసింది. ఆకు ముక్క డిప్ప అంచుకు అంటుకుంది. మళ్లీ కొరికింది. నేనూ మా అమ్మాయీ నేల మీద బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. మింగింది!

రోజూ టమాటా కాస్త తగ్గిస్తూ, ఆకు కాస్త పెంచుతూ పోయాను. రెండో వారం మధ్యలో ఒక రోజు పూర్తిగా సమ్మె. అప్పుడు మందార పువ్వు గుర్తొచ్చింది. తాబేళ్లకు ఎరుపు, పసుపు రంగులు బాగా కనబడతాయి, వాటి వైపు లాగుతాయి. దొరసానికి టమాటా మీద అంత మోజు రుచి వల్లే కాదేమో, ఎరుపు వల్ల కూడానేమో. ఆకుల కుప్ప మీద ఒక ఎర్ర మందారం పెట్టాను. పెట్టె అవతలి చివర నుంచి, దొర నడక గిడక ఏమీ లేకుండా, పరుగున వచ్చింది. పువ్వు అయిపోయాక అదే ఊపులో కింది ఆకు కూడా కొరికింది. మూడో వారం చివరికి టమాటా లేదు.

ఆకులు అలవాటయ్యాక తరగడం మానేశాను. ఆకును కాలితో తొక్కిపట్టి చింపుకుంటేనే ముక్కు అరుగుతుంది. ఏళ్ల తరబడి మెత్తటి ముక్కలు తిని దీని పైదవడ గద్దముక్కులా వంగింది. డాక్టరుగారు చిన్న మరతో అరగదీశారు. ఇప్పుడు పలకరాయి మీదే ఆకులు పెడతాను, పక్కన ఓ కటిల్ బోన్ (కటిల్ చేప లోపలి సున్నపు ఎముక) ముక్క పడేసి ఉంచుతాను. కాల్షియం పొడి వారానికి మూడుసార్లు, చిటికెడు. ఆకుల కుప్ప రోజుకు దాని డిప్పంత. పొద్దున దీపం వేసిన గంట తర్వాత, ఒళ్లు వేడెక్కాకే పెడతాను. వారానికి ఒక రోజు ఉపవాసం.

నీళ్ల విషయం మిగిలింది. ఈదించకూడదు గానీ నానబెట్టాలి. చిన్న బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్లు, గడ్డం దాటకుండా, ఇరవై నిమిషాలు. అందులోనే నీళ్లు తాగుతుంది, అందులోనే విసర్జిస్తుంది. తెల్లగా పేస్టులా వచ్చేదాన్ని చూసి మొదట భయపడ్డాను. అవి యూరేట్లు, మూత్రంలో భాగమే. మెత్తగా ఉంటే మంచిది, ఇసుకలా గరగరలాడితే ఒంట్లో నీళ్లు చాలడం లేదని అర్థం, అలాగే వదిలేస్తే మూత్రాశయంలో రాళ్లు కడతాయి. మాదానికి మొదట్లో గరగరలాడేది. వారానికి మూడుసార్లు నానబెడితే నెలలో మెత్తబడింది. పిల్ల తాబేళ్లకు రోజూ కావాలట. డిప్ప మీద గుట్టలు గుట్టలుగా లేవడానికి మాంసకృత్తులు ఎక్కువవడమే కారణం అని అందరూ అంటారు గానీ, ఆఫ్రికా సుల్కాటా తాబేలు పిల్లల మీద 2003లో వచ్చిన అధ్యయనంలో గాలిలో తేమ తక్కువైతేనే ఎక్కువ గుట్టలు లేచాయి, తిండి ప్రభావం దానికంటే చిన్నది.

బేసిన్ వంటింట్లోకి రాదు, సింకులో కడగం. తాబేలు ఆరోగ్యంగా ఉన్నా సాల్మొనెల్లా మోయగలదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు. ఐదేళ్లలోపు పిల్లలు వస్తే దూరం నుంచి చూపిస్తాను. మొహమాటపడితే మనకే నష్టం.

అంతా దారిలో పడిందనుకున్నాక, నాలుగో నెలలో, ఒక మధ్యాహ్నం బయటికి వెళ్లి వచ్చేసరికి దొరసాని వెల్లకిలా పడి ఉంది. సరిగ్గా దీపం కింద. నీళ్ల పళ్లెం అంచు ఎక్కి గోడ దాటబోయి జారినట్టుంది. కాళ్లు కదలడం లేదు, మెడ పక్కకు వేలాడుతోంది, పొట్ట డిప్ప ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. తిరగేసి, నీడకు తెచ్చి, గోరువెచ్చటి నీళ్లలో పెట్టాను. చల్లనీళ్లు పొయ్యాలనిపించింది గానీ ఒక్కసారిగా చల్లబరచొద్దని డాక్టరుగారు ఫోన్‌లో చెప్పారు. పావుగంటకు కన్ను తెరిచింది. ఆ సాయంత్రమే పళ్లెం మూల నుంచి నడిమికి మారింది, గోడ ఎత్తు పెంచాం, దీపం కింద పలకరాయి పక్కన కాలు తన్నిపెట్టుకోవడానికి చిన్న రాళ్లు పాతిపెట్టాం. ఈ జాతి ఎంత తవ్వుతుందో అంత ఎక్కుతుంది. తాబేలే కదా ఎక్కడికి పోతుందిలే అనుకోవడం నా రెండో తెలివితక్కువ.

చలికాలంలో నిద్రపుచ్చాలా అన్నది మరో తర్జనభర్జన. సొంత నేలలో ఇవి ఏడాదిలో చాలా భాగం భూమిలోనే గడుపుతాయి, ఎండలు మండినా చలి ముదిరినా. ఇళ్లలో పెంచేవాళ్లు కొందరు ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర నిద్రపుచ్చుతారు. కడుపు ఖాళీగా, ఒళ్లు ఆరోగ్యంగా ఉన్నదానికే అది. మాది బలహీనంగా ఉంది కాబట్టి ఈ ఏడు వద్దన్నారు. రోజుకు పన్నెండు గంటలు దీపాలు వెలిగించి ఉంచాం. అయినా ఆ రెండు నెలలు తిండి సగానికి పడిపోయింది, మట్టిలోనే ఎక్కువ. బరువు తగ్గనంతవరకు కంగారు పడొద్దన్నారు. ప్రతి ఆదివారం తూచి మా అమ్మాయి నోటుబుక్కులో రాస్తుంది. పేగుల్లో పురుగులు కొద్దిగా ఉన్నాయని మల పరీక్షలో తేలింది, కొద్దిగా ఉంటే మామూలేనట, మందు లేకుండానే వదిలేశారు.

పధ్నాలుగు నెలలయింది. 552 గ్రాములు. డిప్ప అంచు నొక్కితే ఇప్పుడు నా వేలే నొప్పి పుడుతుంది. పెట్టె పోయి గదిలో ఒక మూల ఆరడుగులు, నాలుగడుగులు దాని రాజ్యం అయింది. మావారి కుర్చీ అక్కడ ఉండేది.

పోయిన నెల స్నేహితురాలు చూడడానికి వచ్చింది. చేతిలో సంచి, సంచిలో టమాటా. "దీనికి ఇదంటే ప్రాణం కదే" అంది. ఏం చెప్పను! డిప్ప మెత్తబడ్డ సంగతి ఇంతవరకూ దానికి చెప్పలేదు, చెప్పాలనీ లేదు. ఒక్క ముక్క కోసి ఇచ్చాను. దొరసాని ఎక్కడో మట్టిలోంచి లేచి, దుమ్ము దులుపుకోకుండా పరిగెత్తుకొచ్చి, రసం కారుతుండగా తింటుంటే స్నేహితురాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను మర్చిపోలేదే" అంది.

మర్నాడు పొద్దున పలకరాయి మీద మల్బరీ ఆకులు పెట్టాను. దొరసాని వచ్చింది. కుప్ప చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది, ముక్కుతో రెండు ఆకులు పక్కకు నెట్టి కింద చూసింది, నా వైపు ఓసారి తల ఎత్తింది, వెనక్కి తిరిగి వెళ్లి మట్టిలోకి దూరింది.